మాటిక్ 4 నుంచి 5కి మారాలి, సోమవారం ధరల మెయిలు ఆగకూడదు: సలహా కావాలి

టిక్కీలెక్క (గుంటూరు), గురువారం ఉదయం 10:20

అందరికీ నమస్కారం. అరండల్‌పేటలో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో అకౌంట్లతోపాటు మెయిళ్ల పని కూడా నాదే. మధ్యాహ్నం మిర్చి యార్డులో ధరలు తేలగానే తేజ, 334, 341, బాడిగ, తాలు రకాల్లో ఏది క్వింటాకి ఎంత పలికిందీ, ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చిందీ రాసి కొనేవాళ్లకి పంపుతాం. జాబితాలో 6,200 మంది దాకా ఉన్నారు. కొలంబో, ఢాకా పార్టీలు ఆ మెయిలు చూసుకునే ఫోన్ చేస్తాయి.

ఆ మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ మాటిక్, మా సొంత సర్వర్లో దాని 4.4 వెర్షన్ నడుస్తోంది. దాన్ని నడిపించే పీహెచ్‌పీ భాష 7.4 వెర్షన్‌ది. ఈ నెలాఖరుకి 7.4 తీసేస్తున్నామని హోస్టింగ్ వాళ్లు నోటీసు పంపారు. శని, ఆదివారాలు యార్డుకి సెలవు. శుక్రవారం మెయిలు వెళ్లాక మొదలుపెట్టి సోమవారం మధ్యాహ్నంలోపు 5కి మార్చేద్దామనుకుంటున్నాను. అడ్మిన్‌లో అప్‌డేట్ ఉందని చూపిస్తోంది. అక్కడే నొక్కి కానిచ్చేయమంటారా?


బెజవాడ_సర్వర్ (విజయవాడ), గురువారం ఉదయం 11:05

అక్కడ నొక్కొద్దు తమ్ముడూ. బ్రౌజర్‌లోంచి చేస్తే సగంలో టైమవుట్ అయి సగం కొత్త ఫైళ్లు, సగం పాత ఫైళ్లు మిగులుతాయి. టెర్మినల్‌లోంచే చెయ్యాలి: ముందు అప్‌డేట్ ఫైండ్, తర్వాత అప్‌డేట్ అప్లై, చివర్లో అదే కమాండ్ ఫినిష్ అని చేర్చి ఇంకోసారి. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. డేటాబేస్ మార్పులు జరిగేది అందులోనే.

అసలు సంగతి ఇంకోటుంది. 4 నుంచి 5 అంటే పైపై మార్పు కాదు. పాతదాంట్లో మెయిలు పంపే పని స్విఫ్ట్‌మెయిలర్ లైబ్రరీది. 2021 నవంబరుతో దాని నిర్వహణ ఆపేశారు. 2024 జనవరిలో వచ్చిన మాటిక్ 5లో ఆ స్థానంలో సింఫనీ మెయిలర్ పెట్టారు. అందుకే నీ పాత మెయిలు సెట్టింగులు అటు రావు. హోస్ట్, పోర్టు, యూజరు, పాస్‌వర్డు మళ్లీ నువ్వే ఇవ్వాలి. ముందే కాగితం మీద రాసుకో.

నీ తొందరంతా 7.4 గురించే అయితే దారి ఇంకోటుంది. 4.4 పీహెచ్‌పీ 8.0 మీద కూడా నడుస్తుంది. ఈ వారం పీహెచ్‌పీ ఒక్కటి 8.0కి మార్చు, నోటీసు గండం గడుస్తుంది. 8.0 కూడా 2023 నవంబరుకే గడువు దాటింది కాబట్టి అక్కడే ఉండిపోమనను. 5 సంగతి మాత్రం మేలో యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక తీరిగ్గా చూడు. సీజన్ మధ్యలో ఇంజను విప్పొద్దు.


చేనేత_అక్క (మంగళగిరి), గురువారం మధ్యాహ్నం 1:40

బెజవాడ అన్నయ్య మాట వినండి. నేను పోయినేడు చేశాను. కాపీ సర్వర్ పెట్టుకుని అక్కడ ముందు ప్రయత్నించాను, అంతవరకూ మంచిదే. కాపీలో క్రాన్ (చెప్పిన వేళకి పనులు తానే నడిపే టైమరు) ఆపడం మర్చిపోయాను. మర్నాడు పొద్దున 9కి వెళ్లాల్సిన క్యాంపెయిన్ మెయిలు అసలు సర్వర్ నుంచి ఒకటి, కాపీ నుంచి ఒకటి వెళ్లింది. ఒకే చీర ఫొటో రెండుసార్లు చూసి చిరాకుపడి కొందరు అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కారు.

నొక్కింది కాపీ నుంచి వచ్చిన మెయిల్లో. అందులో లింకులు కాపీ సర్వర్ అడ్రసుకే వెళ్తాయి. వాళ్లు వద్దన్నారన్న సంగతి కాపీలోనే నమోదైంది. రెండ్రోజుల తర్వాత నేను కాపీ తీసేశాను. తర్వాతి వారం వాళ్లందరికీ మళ్లీ మెయిలు వెళ్లింది. హైదరాబాద్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "వద్దని చెప్పినా పంపుతారేంటమ్మా, ఇంకెలా చెప్పాలి?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. పదేళ్లుగా మా దగ్గర కొంటున్న మనిషి ఆవిడ.

కాపీ పెట్టే ముందు క్రాన్ పూర్తిగా తీసేయండి. మెయిలు బయటికి పోకుండా కట్టేయండి. మిగతావన్నీ తర్వాత.


బెజవాడ_సర్వర్, గురువారం మధ్యాహ్నం 2:15

అక్క చెప్పింది నిజం. కాపీని 5కి మార్చాక మెయిలు పంపే దారి (ట్రాన్స్‌పోర్టు) దగ్గర నల్ అని ఇస్తే పంపినట్టే నటించి ఏదీ బయటికి పంపదు. మెయిలు ఎలా కనిపిస్తుందో చూడాలంటే మెయిల్‌పిట్ లాంటిది పెట్టుకోండి. వెళ్లేవన్నీ అదే పట్టుకుని బ్రౌజర్‌లో చూపిస్తుంది. 5కి మార్చకముందు మాత్రం కాపీలో పాత పాస్‌వర్డు తప్పుగా మార్చి ఉంచడం సులువు.


లెనిన్‌సెంటర్_పుస్తకాలు (విజయవాడ), గురువారం సాయంత్రం 6:30

నేను వేరే సాఫ్ట్‌వేర్ వాడతాను కానీ ఇది ఎందులోకి మారినా పనికొస్తుంది. మార్చాక తెలుగు సబ్జెక్ట్‌తో మెయిలు పంపి చూసుకోండి. ఇంగ్లీషులో పరీక్షించి బాగుందనుకుంటే మోసపోతారు.

నాకు ఏం జరిగిందంటే, పుస్తకాల పండగ ముందు వెర్షన్ మార్చాను. సబ్జెక్ట్‌లో "పుస్తక ప్రదర్శనలో మా స్టాలు" అని రాస్తే మధ్యలో ఒక అక్షరం పోయి నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వచ్చింది. అక్షరాల్ని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ఒక్కో అక్షర సంకేతం 3 బైట్లు. ఒత్తులూ గుడింతాలూ కూడా విడివిడిగా లెక్కే. "స్టా" అంటే స, పొల్లు, ట, దీర్ఘం: 4 సంకేతాలు, 12 బైట్లు. మెయిలు హెడర్లో (సబ్జెక్ట్ ఉండే పై భాగంలో) దీన్ని ముక్కలు చేసి పంపుతారు. ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు, ఏ ముక్కలోనూ సంకేతం సగంలో తెగకూడదు. నేను పెట్టుకున్న ఒక ప్లగిన్ బైట్లు లెక్కపెట్టి గుడ్డిగా కోసేసింది. ఇంగ్లీషుకి ఒక్కో అక్షరం ఒకే బైటు కాబట్టి అక్కడ ఈ తప్పు కనబడనే కనబడదు.

ఇంకోటి మెయిలు బరువు. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిలుని కింద కత్తిరించి, మొత్తం చూడాలంటే నొక్కమంటుంది. కొన్ని ఎడిటర్లు తెలుగు అక్షరాన్ని అక్షరంగా ఉంచకుండా అంకెల కోడ్‌గా మార్చేస్తాయి. "త" అనే ఒక్క అక్షరానికి ముందు రెండు గుర్తులు, 3108 అనే అంకె, చివర సెమీకోలన్, మొత్తం 7 బైట్లు. 3 ఉండాల్సిన చోట 7. మా కేటలాగు మెయిలు అలా ఉబ్బి కింద తెగింది. కింద ఉండేది ఏంటో తెలుసుగా, అన్‌సబ్‌స్క్రైబ్ లింకు. అది కనబడనివాడు స్పామ్ బటన్ నొక్కుతాడు. పాపం వాడికి ఇంకో దారి లేదు.


టిక్కీలెక్క, శుక్రవారం రాత్రి 9:50

అందరికీ ధన్యవాదాలు. మేనేజర్ గారితో మాట్లాడాను. మే దాకా ఆగడానికి ఆయన ఒప్పుకోలేదు, ఒకేసారి అయిపోవాలన్నారు. మధ్యాహ్నం 3కి ధరల మెయిలు వెళ్లింది. ఇప్పుడే డేటాబేస్, ఫైళ్లు రెండూ బ్యాకప్ తీశాను. పీహెచ్‌పీ 8.0కి మార్చాను. 4.4 బాగానే తెరుచుకుంది. కాపీ పెట్టడానికి ఈ సర్వర్లో చోటు లేదు కాబట్టి నేరుగా దీనిమీదే మొదలుపెడుతున్నాను.


పాత_లిస్టు (తెనాలి), శుక్రవారం రాత్రి 10:10

చోటు లేకపోతే నెలకి అద్దె ఇచ్చి చిన్న సర్వర్ తీసుకోండి బాబూ, రెండ్రోజుల పని. నేరుగా వద్దు.


టిక్కీలెక్క, శనివారం రాత్రి 11:30

అప్‌డేట్ ఆగకుండా పూర్తయింది. ఫినిష్ కూడా ఇచ్చాను. డాష్‌బోర్డు, కాంటాక్టులు, సెగ్మెంట్లు, ఫారాలు అన్నీ కనిపిస్తున్నాయి. మెయిలు మాత్రం కదలడం లేదు. టెస్ట్ మెయిలు పంపితే లాగిన్ కుదరలేదని ఎర్రర్. మా మెయిళ్లని బయటికి చేర్చే రిలే సేవ వాళ్లిచ్చిన యూజరు, పాస్‌వర్డే ఇచ్చాను. పాతదాంట్లో ఇవే పనిచేశాయి. 3 గంటల నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా ఉన్నారా?


టిక్కీలెక్క, ఆదివారం రాత్రి 8:15

పొద్దున్నుంచి ప్రయత్నించాను, కుదరలేదు. రేపు మధ్యాహ్నం మెయిలు వెళ్లకపోతే పార్టీలు వేరే చోట అడుగుతాయి. ఇక చేసేదిలేక శుక్రవారం బ్యాకప్ మళ్లీ ఎక్కించేశాను. 4.4 యథాతథంగా పనిచేస్తోంది. మనసుకి కష్టంగా ఉంది కానీ సోమవారం గట్టెక్కుతాను.


బెజవాడ_సర్వర్, ఆదివారం రాత్రి 10:40

అయ్యో, పెళ్లికి అమలాపురం వెళ్లాను, ఇప్పుడే చూస్తున్నా. నీ పాస్‌వర్డులో ప్లస్ గానీ, స్లాష్ గానీ, ఎట్ గుర్తు గానీ ఉందా?

మాటిక్ 5లో మెయిలు అమరిక అంతా డీఎస్ఎన్ అనే ఒకే వరుస. యూజరు, పాస్‌వర్డు, హోస్ట్, పోర్టు ఒకదాని వెంట ఒకటి వెబ్ అడ్రసులా ఉంటాయి. అందులో స్లాష్‌కీ, ఎట్ గుర్తుకీ వేరే అర్థాలున్నాయి. కాన్ఫిగ్ ఫైల్లో చేత్తో రాస్తే ఆ గుర్తుల్ని శాతం కోడ్‌లోకి మార్చి రాయాలి. లేకపోతే పాస్‌వర్డు సగానికి తెగిపోతుంది. ఆ ఫైల్లో శాతం గుర్తుని రెండుసార్లు రాయాలి: ప్లస్‌కి రెండు శాతం గుర్తులు పెట్టి 2బి, అలాగే, స్లాష్‌కి 2ఎఫ్, ఎట్‌కి 40.

ఇంకో మాట, కంగారు పెట్టాలని కాదు. వెనక్కి వెళ్లేముందు 5 డేటాబేస్‌ని విడిగా డంప్ (పూర్తి నకలు) తీశావా?


టిక్కీలెక్క, ఆదివారం రాత్రి 10:55

పాస్‌వర్డులో ప్లస్ ఉంది, స్లాష్ కూడా ఉంది. ఫైల్లో చేత్తోనే రాశాను.

డంప్ తీయలేదు అన్నా. పాతది దానిమీదే ఎక్కించేశాను. మెయిళ్లే వెళ్లలేదు కదా, అందులో కొత్తగా ఏముంటుంది అనుకున్నాను.


బెజవాడ_సర్వర్, ఆదివారం రాత్రి 11:10

మెయిళ్లు వెళ్లలేదు గానీ వెబ్ భాగం నడిచింది. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లిన మెయిలుని శని, ఆదివారాల్లో తెరిచి వద్దు అని నొక్కినవాళ్లుంటారు. వాళ్ల మాట 5 డేటాబేస్‌లోకి వెళ్లింది. అది ఇప్పుడు లేదు. శుక్రవారం బ్యాకప్ దృష్టిలో వాళ్లంతా ఇంకా కావాలంటున్నవాళ్లే. వెబ్‌సైట్ ఫారంలో ఎంక్వైరీ పెట్టినవాళ్లు కూడా పోయారు.

రేపటి మెయిలు పంపకముందే దీని సంగతి చూడాలి. తెల్లారి 7కి ఇక్కడికి రా.


చేనేత_అక్క, ఆదివారం రాత్రి 11:20

తమ్ముడూ, నా కథే మళ్లీ నీకు జరిగింది. రేపటి మెయిలు ఆలస్యమైనా పర్వాలేదు, వాళ్లని వెతుకు.


టిక్కీలెక్క, సోమవారం ఉదయం 7:05

వచ్చాను అన్నా. మేనేజర్ గారితో చెప్పాను. "రెండ్రోజుల్లో ఎంతమంది ఉంటారు, పదిమందా? పంపేయండి, మళ్లీ నొక్కుతారులే" అన్నారు.


బెజవాడ_సర్వర్, సోమవారం ఉదయం 7:20

మళ్లీ నొక్కరు, స్పామ్ నొక్కుతారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధన ఇది: వాళ్ల అడ్రసులకి రోజుకి 5,000 దాటి పంపేవాళ్లు మెయిలు నిజంగా తమదేనని రుజువు చేసే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకోవాలి, ఒక్క నొక్కుతో వదిలించుకునే సదుపాయం ఇవ్వాలి, వద్దన్న 2 రోజుల్లో ఆపేయాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపే ఉంచుకోమంటారు. మీది ఆ 5,000 హద్దు దాటకపోవచ్చు. అయినా ఫిర్యాదులు పెరిగితే చిన్న జాబితాల మెయిళ్లు కూడా స్పామ్‌లోకే పోతాయి. 0.3 శాతం అంటే వెయ్యికి ముగ్గురు. అసలే చిరాకులో ఉన్న పదిమందికి మళ్లీ పంపడమంటే ఆ ముగ్గుర్ని మనమే వెతికి పెట్టుకున్నట్టు.

ఇప్పుడు పని. డేటాబేస్ పోయింది గానీ ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచారో రాసుకునే వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ పోలేదు, అది వేరే ఫైలు. శుక్రవారం రాత్రి బ్యాకప్ టైము నుంచి ఆదివారం రాత్రి 8 దాకా, ఈమెయిల్ అన్‌సబ్‌స్క్రైబ్ అనే దారికి వచ్చిన వరుసలు తియ్యి. ఒక్కో లింకు చివర అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి కోడ్ ఉంటుంది. అది ఆ మనిషికి ఆ మెయిలుకి మాత్రమే ఇచ్చిన గుర్తు. డేటాబేస్‌లో ఈమెయిల్ స్టాట్స్ పట్టికలో ట్రాకింగ్ హ్యాష్ అనే కాలమ్‌లో అదే కోడ్ ఉంటుంది. మెయిలు వెళ్లింది శుక్రవారం 3కి, బ్యాకప్ రాత్రి 9 తర్వాత. కాబట్టి ఆ కోడ్‌లు నీ దగ్గర ఉన్న బ్యాకప్‌లోనే ఉన్నాయి.


లెనిన్‌సెంటర్_పుస్తకాలు, సోమవారం ఉదయం 8:00

ఒక సందేహం. కొన్ని ఆఫీసుల మెయిలు సర్వర్లు వైరస్ పరీక్ష కోసం మెయిల్లో ఉన్న లింకులన్నీ వాటంతటవే తెరుస్తాయి కదా. నిజంగా మనిషి నొక్కిందో, యంత్రం తెరిచిందో ఎలా తెలుస్తుంది?


బెజవాడ_సర్వర్, సోమవారం ఉదయం 8:10

మంచి ప్రశ్న. ఆ యంత్రాలు మామూలుగా మెయిలు చేరిన నిమిషాల్లోనే, అన్ని లింకులూ వరసపెట్టి తెరుస్తాయి. అంటే శుక్రవారం 3 గంటల ప్రాంతంలో. మనం చూస్తున్నది రాత్రి 9 తర్వాతి వరుసలు, అవి దాదాపు అన్నీ మనుషులవే. ఒకటి అరా అనుమానం వస్తే దాన్ని కూడా వద్దన్నవాళ్లలోనే వేయండి. కావాలంటే వాళ్లే మళ్లీ చేరతారు.


టిక్కీలెక్క, సోమవారం మధ్యాహ్నం 12:30

దొరికారు! లాగ్‌లో 23 వరుసలు వచ్చాయి. కొందరు రెండుమూడుసార్లు నొక్కారు, విడివిడిగా చూస్తే 11 కోడ్‌లు. పట్టికతో కలిపి చూస్తే 11కి 11 పేర్లు వచ్చాయి. అందులో ఒకాయన శనివారం ఉదయం 6:12కి, 6:13కి, 6:15కి మూడుసార్లు నొక్కారు. ఆయన పేరు చూసి గుర్తుపట్టాను, వ్యాపారం మానేసిన కొలంబో పార్టీ. ఈయనకి ఇవాళ మళ్లీ 334 ధర పంపబోయాను.

11 అడ్రసులతో ఫైలు తయారుచేసి, ఇంపోర్ట్‌లో ఈమెయిల్ పంపొద్దు అనే కాలమ్‌కి జతచేసి ఎక్కించాను. ఒక్కొక్కరి పేజీ తెరిచి ఎర్ర గుర్తు పడిందో లేదో చూశాను. మేనేజర్ గారికి ఆ పేరు చూపించాను. ఆయనేమీ అనలేదు, మెయిలు 4కి పంపినా పర్వాలేదన్నారు.

ఫారంలో రెండు ఎంక్వైరీలు వచ్చినట్టు లాగ్‌లో ఉంది. వాళ్లు ఏం రాశారో, ఎవరో లాగ్‌లో ఉండదు. అవి పోయినట్టే. వెబ్‌సైట్లో ఒక గమనిక పెట్టాను, శని, ఆదివారాల్లో రాసినవాళ్లు దయచేసి మళ్లీ రాయమని.


పాత_లిస్టు, సోమవారం మధ్యాహ్నం 1:15

బాగా చేశారు బాబూ. మెయిలు పంపే సాఫ్ట్‌వేర్లో టెంప్లేట్లు పోతే మళ్లీ గీసుకోవచ్చు, ఎవరు తెరిచారో ఆ లెక్కలు పోయినా వ్యాపారం ఆగదు. వద్దన్నవాళ్ల జాబితా మాత్రం మన చేత్తో మళ్లీ తయారుచేసేది కాదు. నేను ప్రతి శుక్రవారం దాన్నొక్కటే విడిగా ఫైలు తీసి వేరేచోట దాచుకుంటాను, ఇరవై కేబీ కూడా ఉండదు.


బెజవాడ_సర్వర్, సోమవారం రాత్రి 9:30

మేలో మళ్లీ చేసేటప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకో తమ్ముడూ, ఇవి ఎర్రర్ చూపించకుండా దెబ్బతీస్తాయి.

పాత 4లో క్యూ (పంపాల్సిన మెయిళ్ల వరుస) ఫైళ్లుగా ఉండేది, క్రాన్‌లో ఈమెయిల్స్ సెండ్ అనే కమాండ్ దాన్ని ఖాళీ చేసేది. 5లో ఆ పని మెసెంజర్ అనే భాగానిది. మెసెంజర్ కన్స్యూమ్ ఈమెయిల్ అనే కమాండ్ పెట్టాలి. పాత క్యూలో మిగిలిన మెయిళ్లు కొత్తదానికి అర్థం కావు, కాబట్టి మార్చే ముందు క్యూ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగు. సెగ్మెంట్లు, క్యాంపెయిన్ల క్రాన్‌లు మామూలుగానే ఉంటాయి.

రెండోది బౌన్సులు, అంటే చేరక తిరిగొచ్చే మెయిళ్లు. పాతదాంట్లో కొన్ని రిలే సేవల అనుసంధానం లోపలే ఉండేది, 5లో వాటిని బయటి ప్లగిన్లకి వదిలేశారు. మెయిలు పంపే మామూలు పద్ధతి ఎస్ఎంటీపీతో మెయిళ్లు హాయిగా వెళ్తాయి, చేరని అడ్రసుల కబురు మాత్రం దానంతట అది మాటిక్‌కి వెనక్కి రాదు. నెలల తరబడి చచ్చిన అడ్రసులకి పంపుతూనే ఉంటావు. నీ రిలేకి సరిపడా ప్లగిన్ పెట్టి, కావాలనే ఒక తప్పుడు అడ్రసుకి పంపి, బౌన్సు నమోదైందని కళ్లారా చూశాకే పని అయిందనుకో.


టిక్కీలెక్క, మే నెల, ఆదివారం సాయంత్రం 5:40

యార్డు సెలవుల్లో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని కాపీ మీద 4 రోజులు ప్రయత్నించాను. క్రాన్ తీసేశాను అక్కా, రెండుసార్లు చూసుకున్నాను. అసలు సర్వర్ మార్చే రోజు వెబ్‌సైట్ ఫారం ఆపి, అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కినవాళ్లకి మాత్రం ఒక పేజీ వచ్చేలా పెట్టాను. అందులో అడ్రసు రాస్తే నా ఇన్‌బాక్స్‌కి వస్తుంది. ఇద్దరు రాశారు, ఇద్దర్నీ చేర్చాను.

పాస్‌వర్డు శాతం కోడ్‌లోకి మార్చి రాశాను. మొదటి టెస్ట్ మెయిలు 20 సెకన్లలో వచ్చింది. రైతులకి వెళ్లే తెలుగు మెయిలు కూడా పంపి చూశాను. సబ్జెక్ట్‌లో "కోల్డ్ స్టోరేజీ మిర్చి ధరలు" అని పెడితే ల్డ్, స్టో, ర్చి ఏదీ తెగకుండా వచ్చాయి. బరువు 38 కేబీ. తప్పుడు అడ్రసుకి పంపింది బౌన్సుగా నమోదైంది.

వద్దన్నవాళ్ల జాబితా పాతదాంట్లో 412, ఆ ఇద్దరితో 414. కొత్తదాంట్లో లెక్కపెడితే 414. ఆ ఫైలు ఇప్పుడు నా దగ్గరొకటి, మేనేజర్ గారి దగ్గరొకటి ఉంది. శుక్రవారం శుక్రవారం నేను మర్చిపోతే ఆయనే అడుగుతున్నారు.